థార్సిస్ బరువు

కిందటి వేసవి సెలవుల్లో మా అన్నయ్య కూతురు ఒక ప్రశ్న వేసింది: "బాబాయ్, ఒలింపస్ మాన్స్ ఎక్కాలంటే ఎన్ని రోజులు పడుతుంది?" ఆ పిల్ల ఆరో తరగతి. సౌర కుటుంబంలో అన్నిటికంటే ఎత్తైన అగ్నిపర్వతం ఏదని అడిగితే అంగారకుడి మీది ఒలింపస్ మాన్స్ అని ఠక్కున చెప్పే పిల్లలు ఇప్పుడు ప్రతి బడిలోనూ ఉన్నారు. ఎవరెస్టుకు సుమారు రెండున్నర రెట్లు అనే ముక్క కూడా వాళ్లకు కంఠతా వచ్చు. ఎక్కడం సంగతి అడిగినది మాత్రం నాకు తెలిసి ఈమె ఒక్కతే. కాగితం తీసుకుని లెక్క వేశాను. ఆ పర్వతం అడుగు వెడల్పు సుమారు 600 కిలోమీటర్లు కాబట్టి అంచు నుంచి నడిమి దాకా 300. రోజుకు ఇరవై కిలోమీటర్ల చొప్పున నడిస్తే పదిహేను రోజులు. వాలు సగటున ఐదు డిగ్రీలకు మించదని కూడా చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే అది కొండ ఎక్కడం కాదు బాబాయ్, హైదరాబాద్ నుంచి విజయవాడకు నడిచి వెళ్లడం" అంది.

అంగారకుడి అగ్నిపర్వతాల గురించి తెలుగులో నేను చదివిన చాలా వ్యాసాల కంటే ఆ మాట నిజానికి దగ్గరగా ఉంది. మన క్విజ్‌లూ పత్రికల ఆదివారం అనుబంధాలూ ఈ విషయాన్ని ఎప్పుడూ టేపు పట్టుకునే చూస్తాయి: ఇంత ఎత్తు, ఎవరెస్టుకు ఇన్ని రెట్లు, అంతటితో సరి. ఆ ప్రాంతం గురించి చెప్పదగిన విషయాల్లో ఎత్తు చాలా చిన్నదని నా అభిప్రాయం. ఒలింపస్ మాన్స్ నిజానికి ఒక మహా దిబ్బకు వాయవ్యపు అంచున నిలబడిన పర్వతం మాత్రమే. ఆ దిబ్బ పేరు థార్సిస్. ఒక గ్రహం తన లావా మొత్తంలో అత్యధిక భాగాన్ని ఒకే చోట కుమ్మరించుకుంటే ఏమవుతుందో థార్సిస్‌ను చూస్తేనే తెలుస్తుంది, అది తెలియాలంటే ఎత్తును పక్కన పెట్టి దాని బరువు గురించి అడగాలి.

దాన్ని మనుషులు మొదట చూసిన తీరు కూడా చెప్పుకోదగినదే. 1965 జులైలో మారినర్ 4 అంగారకుడి పక్కనుంచి దూసుకుపోతూ ఇరవై పైచిలుకు చిత్రాలు పంపింది. అవి ఆ గ్రహం ఉపరితలంలో నూటికి ఒక వంతును మాత్రమే చూపించాయి. వాటిలో కనబడినవన్నీ ఉల్కలు తాకిన గుంటలే. 1969లో మారినర్ 6, 7 మరికొంత చూపించాయి గాని అప్పుడూ ఎక్కువగా కనబడినది గుంటల నేలే. దాంతో అంగారకుడు చంద్రుడిలాంటి చచ్చిన గ్రహమనే అభిప్రాయం బలపడింది. ఆ మూడు నౌకలూ దగ్గరగా చూసిన చోట్లు ఎక్కువగా పాత నేలలు కావడం కేవలం యాదృచ్ఛికం. 1971 నవంబర్ 14న మారినర్ 9 అంగారకుడి కక్ష్యలోకి చేరి, భూమి కాక వేరొక గ్రహాన్ని చుట్టిన మొదటి నౌక అయింది, కాని చేరేసరికి గ్రహమంతా ధూళి తుఫానులో మునిగి ఉంది. కెమెరాలకు దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. ఆ దుమ్ములోంచి నాలుగు నల్లని మచ్చలు మాత్రం పైకి తేలి ఉన్నాయి. వాటిలో ఒకటి, అంతకు దాదాపు వందేళ్ల ముందు ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త స్కియాపరెల్లి తెల్లటి మచ్చగా చూసి 'ఒలింపస్ మంచు' అనే అర్థం వచ్చే పేరు పెట్టిన చోటే. మిగతా మూడూ ఒకే వరుసలో ఉండడంతో వాటిని ఉత్తరపు మచ్చ, నడిమి మచ్చ, దక్షిణపు మచ్చ అని పిలుచుకున్నారు. వారాలు గడిచి దుమ్ము సర్దుకున్న కొద్దీ ఆ మచ్చలు కిందికి విస్తరించాయి. నాలుగింటి నెత్తిన కాల్డెరాలు, అంటే అగ్నిపర్వత శిఖరం లోపలికి కూలి ఏర్పడే పెద్ద గుంటలు, ఉన్నాయి. అంత ధూళి తుఫాను కూడా ముంచలేని అగ్నిపర్వతాలు అవి.

ఆ మూడు మచ్చలే ఇప్పటి ఆస్క్రేయస్, పావోనిస్, ఆర్సియా మాన్స్‌లు. ఈశాన్యం నుంచి నైరుతికి సుమారు 700 కిలోమీటర్లకు ఒకటి చొప్పున కొలిచి నాటినట్టుగా ఉంటాయి. పావోనిస్ అంటే నెమలికి చెందినది; అది దాదాపు భూమధ్యరేఖ లాంటి అంగారక మధ్యరేఖ మీదే ఉంది. ఆర్సియా కాల్డెరా వెడల్పు సుమారు 110 కిలోమీటర్లు. ఉత్తరాన ఆల్బా మాన్స్ అనే ఇంకొక అగ్నిపర్వతం ఉంది, దాని ఎత్తు ఏడు కిలోమీటర్లకు లోపే కాబట్టి క్విజ్‌లలో దాని ఊసు రాదు, కాని దాని లావా అడ్డంగా రెండు మూడు వేల కిలోమీటర్ల మేర పరుచుకుంది, వాలు అనేక చోట్ల ఒక డిగ్రీ కూడా ఉండదు. నా దృష్టిలో ఒలింపస్ కంటే ఆల్బాయే విచిత్రమైనది. జారుగా కలిపిన పిండి పెనం మీద పరుచుకున్నట్టు పరుచుకోగల లావా, అంత లావాను అంతకాలం అందించగల మూలం, రెండూ లేకపోతే అలాంటిది పుట్టదు. ఈ అన్నిటినీ మోస్తున్న థార్సిస్ గట్టు అడ్డంగా సుమారు 5,000 కిలోమీటర్లు. అంగారకుడి ఉపరితలంలో దాదాపు నాలుగో వంతు.

ఇంత సరంజామా ఒకే చోట ఎందుకు చేరింది? అంగారకుడి గురుత్వాకర్షణ భూమిదానిలో 38 శాతమే కాబట్టి అక్కడ కొండలు పెద్దగా పెరుగుతాయని సాధారణంగా చెబుతారు. అది అబద్ధం కాదు గాని అసలు కారణమూ కాదు. అసలు కారణం అంగారకుడి పెంకు కదలకపోవడం. దీన్ని అర్థం చేసుకోవడానికి నేను హవాయి దాకా వెళ్లనక్కరలేదు, మా ఊరు చాలు.

నేను పెరిగింది కొవ్వూరు ప్రాంతంలో. పంగిడి, దుద్దుకూరు వైపు క్వారీల్లో కొట్టే నల్లరాయి, క్రషర్లలో ఆడి కంకరగా లారీలకెక్కే రాయి, బసాల్ట్, అంటే గడ్డకట్టిన లావా. గోదావరి అవతల కాతేరులోనూ అదే. ఆ రాతి పొరల మధ్య సున్నపురాయి పొరలూ వాటిలో నత్తగుల్లల శిలాజాలూ ఉంటాయి. అంటే ఒక లావా వచ్చిపడ్డాక మరొకటి వచ్చేలోపు అక్కడ ఉప్పునీళ్లు నిలిచేంత వ్యవధి దొరికిందన్నమాట. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట పశ్చిమ కనుమల వైపు ఉబికిన దక్కన్ లావాయే పాత నదీ లోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి రాజమండ్రి దాకా వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు రాతి రసాయన పోలికలను బట్టి, అయస్కాంత లక్షణాలను బట్టి తేల్చారు. భూమి మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇవి ఉన్నాయి. చిన్నప్పుడు ఆ రాళ్ల మీద కూర్చుని తేగలు తిన్నవాడిని, అవి అంత దూరం నుంచి పారివచ్చాయని నలభై ఏళ్లు వచ్చేదాకా నాకు తెలియదు.

దక్కన్ లావాకు మూలమైన వేడి ఊట, విస్తారంగా ఆమోదం పొందిన వివరణ ప్రకారం, ఇప్పుడు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపం కింద ఉంది. ఊట జరగలేదు, దాని మీదినుంచి భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోస్తున్న భూమి పెంకు ముక్క, ఉత్తరానికి జరిగిపోయింది. జరుగుతున్నంతసేపూ ఊట తన గుర్తులు వేస్తూనే ఉంది: దక్కన్ తరువాత లక్షద్వీప్, మాల్దీవుల కిందినున్న గట్లు, ఆపైన చాగోస్, మారిషస్, చివరికి ఇప్పటికీ లావా కక్కుతున్న రీయూనియన్. వలస కూలీలుగా మారిషస్ వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు, తమకు తెలియకుండానే, గోదావరి గట్టున ఉన్న నల్లరాయి పుట్టిన దారి వెంటే వెళ్లారన్నది నాకు ఎప్పుడూ ముచ్చటగా తోచే విషయం. సరే, దారి తప్పాను. గరిటెలోంచి పిండి పడుతూ ఉండగా కింద పెనం జరుగుతూ పోతే చిన్న చిన్న అట్లు వరుసగా పడతాయి. పెనం కదలకపోతే ఒకే చోట దిబ్బ అవుతుంది. అంగారకుడిలో పిండి పైనుంచి కాక కిందినుంచి వస్తుందన్న తేడా తప్పితే పోలిక సరిపోతుంది. అక్కడ ఫలకాలు లేవు, ఉన్నదంతా అతుకు లేని ఒకే మందపాటి పెంకు. కింది ఊట వందల కోట్ల సంవత్సరాలు ఒకే చోటికి లావాను పంపింది. హవాయి ద్వీపంలోని మౌనా లోవా పరిమాణం సుమారు 75,000 ఘన కిలోమీటర్లు. దానికి దాదాపు వంద రెట్లు పెద్దదైన ఒలింపస్ మాన్స్ ఏ అసాధారణ విస్ఫోటం వల్లా పుట్టలేదు, మౌనా లోవాను కట్టిన లాంటి ప్రవాహాలే, ఒకదాని మీద ఒకటి, జరగని నేల మీద పడుతూ వచ్చాయి.

ఎవరెస్టుతో పోలిక నాకు నచ్చకపోవడానికి ఇదే కారణం. ఎవరెస్టు రెండు ఫలకాలు ఢీకొని నలిగిన చోట పైకి లేచింది. దాని శిఖరం సముద్రపు అడుగున పేరుకున్న సున్నపురాయి. ఒకటి నేల కదలడం వల్ల పుట్టినది, మరొకటి కదలకపోవడం వల్ల పుట్టినది. వీటి ఎత్తులను పక్కపక్కన పెట్టి రెట్లు లెక్కించడం తాటిచెట్టునూ ధాన్యపు రాశినీ పక్కపక్కన నిలబెట్టి ఏది పొడుగని అడగడమే.

ఇప్పుడు బరువు దగ్గరికి వస్తాను. మారినర్ 9 చిత్రాలు వచ్చిన కొత్తలో థార్సిస్ గట్టు కిందినుంచి ఉబ్బి పైకి లేచిందని చాలామంది అనుకున్నారు. పెంకు కిందినుండే మాంటిల్ అనే పొరలోంచి వేడి పదార్థం పైకి తోస్తే పెంకు బొబ్బలా లేస్తుందని, అగ్నిపర్వతాలు ఆ బొబ్బ మీది చిన్న మొటిమలని. 1990ల చివర మార్స్ గ్లోబల్ సర్వేయర్ నౌక లేజర్‌తో గ్రహమంతటి ఎత్తుపల్లాలనూ కొలిచి, గురుత్వాకర్షణలోని హెచ్చుతగ్గులను కూడా అందించాక ఆ చిత్రం తిరగబడింది. గట్టులో అత్యధిక భాగం ఉబ్బు కాదు, పేరుకున్న సరుకే. పైకి పారి గడ్డకట్టినది కొంత, పెంకులోకి చొచ్చుకుపోయి అక్కడే గడ్డకట్టినది కొంత. 2001లో ఫిలిప్స్, ఆయన సహచరులు ప్రచురించిన లెక్క ప్రకారం అది సుమారు 30 కోట్ల ఘన కిలోమీటర్లు. దక్కన్ లావా మొదట్లో ఎంత ఉండేదని అంచనా వేస్తారో దానికి ఇది వందల రెట్లు. అంగారకుడి ఉపరితలమంతటా సమానంగా పరిస్తే రెండు కిలోమీటర్ల మందాన వస్తుంది. ఒక్క మన దేశం మీదే పోస్తే తొంభై కిలోమీటర్ల మందం.

అంత బరువును ఒక గోళం మీద ఒకే చోట పెడితే గోళం ఊరుకోదు. రబ్బరు బంతిని ఒకవైపు బొటనవేలితో అదిమి చూడండి: వేలి చుట్టూ లోతు పడుతుంది, అవతలి వైపు కాస్త ఉబ్బుతుంది. అంగారకుడిలో అదే జరిగింది. థార్సిస్ చుట్టూ ఒక పల్లపు వలయం, గ్రహానికి సరిగ్గా అవతలి వైపు అరేబియా టెర్రా అనే చోట ఒక ఉబ్బు ఉన్నాయి. గట్టు నడిమి నుంచి వేల కిలోమీటర్ల దాకా చక్రపు ఆకుల్లా పగుళ్లు పరుగెత్తాయి. వాటికి అడ్డంగా, గట్టును చుట్టినట్టు, లూనే ప్లానం, సోలిస్ ప్లానం మైదానాల్లో నేల ముడతలు పడింది. లాగుడు ఉన్న చోట పగుళ్లు, నొక్కుడు ఉన్న చోట ముడతలు. ఈ రెండు రకాల గీతలు ఏ దిశలో ఉండాలో బరువు లెక్క కట్టి ముందే చెప్పవచ్చు, అవి చాలావరకు అలాగే ఉన్నాయి. బరువు వాదానికి నాకు కనబడే గట్టి రుజువు అదే.

వాలెస్ మారినెరిస్ కూడా ఈ కథలో భాగమే. 4,000 కిలోమీటర్ల పొడవు, ఏడు కిలోమీటర్ల దాకా లోతు ఉన్న ఆ లోయను అంగారకుడి గ్రాండ్ కాన్యన్ అని రాయడం పరిపాటి అయిపోయింది. గ్రాండ్ కాన్యన్‌ను ఒక నది కోసింది. వాలెస్ మారినెరిస్‌ను ఏ నదీ కోయలేదు. థార్సిస్ బరువు పెంకును లాగినప్పుడు తెరుచుకున్న పగులు అది, తరువాత గోడలు కూలి కూలి వెడల్పయింది. నీళ్ల పాత్ర ఉంది, ముఖ్యంగా తూర్పు కొసన, కాని అది తరువాతి అధ్యాయం.

ఎత్తు పిచ్చి మీద నా ఫిర్యాదు అసలు ఇక్కడ గట్టిపడుతుంది. ఒలింపస్ మాన్స్ ఎత్తు ఇప్పుడు 21.9 కిలోమీటర్లు అంటారు. పాత పుస్తకాల్లో 25, 27 అని కూడా చూస్తాం. ఎక్కడి నుంచి 21.9? అంగారకుడి మీద సముద్రం లేదు కాబట్టి సముద్ర మట్టమూ లేదు. ఒకప్పుడు గాలి పీడనం నీటి త్రిక బిందువు (మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి ఉండగల స్థితి) పీడనానికి, అంటే సుమారు 6.1 మిల్లీబార్లకు సమానమయ్యే ఎత్తును సున్నాగా పెట్టుకున్నారు. లేజర్ కొలతల తరువాత గురుత్వ పొటెన్షియల్ అంతటా సమానంగా ఉండే ఒక ఊహా ఉపరితలాన్ని, నిశ్చలమైన నీళ్లు పోస్తే ఏ ఆకారంలో నిలుస్తాయో ఆ ఆకారాన్ని, సున్నాగా తీసుకున్నారు. తమాషా ఏమిటంటే థార్సిస్ ద్రవ్యరాశి ఎంతటిదంటే ఆ ఊహా ఉపరితలం కూడా దానివైపుకు లాగబడి, అక్కడ కిలోమీటరుకు పైగా పైకి ఉబ్బి ఉంటుంది. కొండ తన బరువుతో కొలబద్దనే వంచేసింది. వంగిన కొలబద్దతో తీసిన కొలతను దశాంశ స్థానంతో సహా పిల్లలచేత వల్లె వేయిస్తున్నాం.

కొలబద్దనే కాదు, గ్రహాన్నే ఒరిగించిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. తిరిగే గోళం మీద ఒకచోట అదనపు బరువు చేరితే, ఆ బరువు మధ్యరేఖ మీదికి వచ్చేదాకా గోళపు పై భాగం మొత్తం అక్షంతో పోల్చితే జరుగుతుంది. థార్సిస్ ఈనాడు మధ్యరేఖ మీద కూర్చుని ఉండడం అందుకే కాకతాళీయమనిపించదు. 2016లో బూలే, ఆయన సహచరులు థార్సిస్ లేని అంగారకుడిని లెక్కగట్టి చూసి, దాని ధ్రువాలు ఇప్పటి చోటికి 20 నుంచి 25 డిగ్రీల దూరంలో ఉండేవన్నారు. పాత ఎండిన నదీ లోయల పట్టీ ఇప్పుడు ఒక వంపుగా కనబడుతుంది గాని, ఆ పాత ధ్రువాలతో చూస్తే ఒకే అక్షాంశపు పట్టీగా సర్దుకుంటుందని చూపించారు. దీని ప్రకారం నదులు థార్సిస్ పూర్తికాకముందే, లేదా అది పెరుగుతున్న రోజుల్లోనే పారాయి. ఫిలిప్స్ బృందం వాదన వేరు: ఆ నదీ లోయలు చాలావరకు థార్సిస్ కలిగించిన వాలుల్నే అనుసరిస్తున్నాయి, కాబట్టి గట్టులో అధిక భాగం 370 కోట్ల సంవత్సరాల కిందటికే ఏర్పడి ఉండాలి, నీళ్లు తరువాత పారాయి. రెంటిలో ఏది నిజమో తేల్చే స్థోమత నాకు లేదు గాని, చదివినంతలో నాకు మొగ్గు రెండో వాదన వైపే. వాలు ఒకటి ముందుండాలి, నీరు దాన్ని వెతుక్కోవాలి. మా గోదావరి డెల్టాలో కాలువల మధ్య పెరిగినవాడికి ఈ మొగ్గు సహజమే కావచ్చు, దాన్ని రుజువుగా ఎవరూ పరిగణించనక్కరలేదు.

నదుల మాట వచ్చింది కనుక ఆ నీళ్ల మాట కూడా చెప్పాలి. లావా ఒంటరిగా రాదు, వాయువులతో వస్తుంది. థార్సిస్ శిలాద్రవంలో హవాయి లావాలో ఉన్నంత నీరు, బొగ్గుపులుసు వాయువు ఉన్నాయనుకుంటే, ఆ గట్టును కట్టిన లావా వదిలిన నీరు గ్రహమంతటా 120 మీటర్ల లోతున నిలిచేంత, వదిలిన బొగ్గుపులుసు వాయువు 1.5 బార్ల (ఒక బారు దాదాపు భూమి మీది గాలి పీడనమంత) పీడనాన్ని ఇచ్చేంత అని అదే 2001 లెక్క. ఈనాటి అంగారకుడి గాలి పీడనం ఒక బారులో వెయ్యికి ఆరు వంతులు మాత్రమే. అందులో "అనుకుంటే" అనే మాట పెద్దదే. వాయువులన్నీ ఒకేసారి వెలువడవు, ఒకవైపు వస్తుంటే మరోవైపు అంతరిక్షంలోకి జారిపోతుంటాయి. అయినా అంగారకుడు ఒకప్పుడు ఎందుకు తడిగా ఉండేదని అడిగేవాళ్లు చూడవలసిన చోట్లలో ఈ నల్లరాతి దిబ్బ మొదటిది.

అగ్నిపర్వతాలు చచ్చినవా, నిద్రపోతున్నవా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆ మాటలను మనం భూమి మీద వాడే అర్థంలోనే అక్కడికీ మోసుకెళ్తే తప్పుతాం. ఇక్కడ పదివేల ఏళ్లలో ఒక్కసారీ పేలని దాన్ని ఆరిపోయినట్టే లెక్కేస్తాం. థార్సిస్ గడియారం వేరు. లావా మీద ఎన్ని ఉల్కా గుంటలు పడ్డాయో లెక్కించి వయసు కట్టే పద్ధతి ఒకటి ఉంది. ఎన్ని గుంటలకు ఎన్ని ఏళ్లో చెప్పే పట్టిక అపోలో యాత్రికులు చంద్రుడి నుంచి తెచ్చిన రాళ్ల సాయంతో తయారై, అంగారకుడికి సర్దుబాటయింది. ఆ సర్దుబాటులో పొరపాటుకు చోటుంది, చిన్న వయసుల దగ్గర మరీ ఎక్కువ. దాన్ని ఒప్పుకుంటూనే చూడండి: మార్స్ ఎక్స్‌ప్రెస్ నౌక చిత్రాలను బట్టి 2004లో వచ్చిన లెక్కల్లో ఒలింపస్ శిఖర కాల్డెరాల వయసు 10 నుంచి 20 కోట్ల సంవత్సరాలు, ఆ పర్వతపు పడమటి అంచు మీదుగా దిగిన కొన్ని ప్రవాహాల వయసు రెండు మిలియన్ల చిల్లర సంవత్సరాలు మాత్రమే. ఆర్సియా కాల్డెరా అడుగున ఇరవై తొమ్మిది లావా ద్వారాలను గుర్తించి వయసు కట్టినవాళ్లకు వాటిలో చివరివి 5 కోట్ల సంవత్సరాల కిందటి వరకు, బహుశా ఇంకా ఇటీవలి వరకు, పనిచేసినట్టు తేలింది. వందల కోట్ల ఏళ్లుగా నడుస్తున్న పనిలో ఇరవై లక్షల ఏళ్ల విరామాన్ని చావు అనలేం.

దీనికి చేతికి దొరికే సాక్ష్యం కూడా ఉంది, అది మన దేశంలోనే పడింది. 1865 ఆగస్టు 25న బీహార్‌లోని గయ దగ్గర షేర్‌ఘాటిలో సుమారు ఐదు కిలోల రాయి ఆకాశం నుంచి పడింది. ఆ ఊరి పేరుతోనే ఆ జాతి ఉల్కలన్నిటినీ షెర్గొటైట్లు అంటారు. అవి బసాల్ట్, మా పంగిడి రాయికి దూరపు చుట్టాలు. అంటార్కిటికాలో 1979లో దొరికిన అలాంటి ఒక రాతి గాజులో చిక్కుకున్న వాయువులను కొలిస్తే, 1976లో వైకింగ్ నౌకలు అంగారకుడి మీద కొలిచిన గాలితో సరిపోయాయి. అంగారకుడి నుంచి ఇక్కడిదాకా రాళ్లు వచ్చాయన్న మాట అప్పటినుంచే నిలబడింది. షేర్‌ఘాటి రాయి గడ్డకట్టినది సుమారు 17 కోట్ల సంవత్సరాల కిందట, అంటే భూమి మీద రాక్షసబల్లులు తిరుగుతున్న రోజుల్లో. ఇవి అంగారకుడి మీద ఏ గుంట నుంచి లేచివచ్చాయో వెతికినవాళ్లు 2021లో, కోట్ల సంఖ్యలో చిన్న గుంటలను కంప్యూటర్‌తో లెక్కించి, షెర్గొటైట్లలో ఒక ముఖ్యమైన వర్గం సుమారు 11 లక్షల ఏళ్ల కిందట ఒలింపస్‌కు పడమటనున్న టూటింగ్ అనే గుంట నుంచి లేచి ఉండవచ్చని ప్రతిపాదించారు. వాళ్లు చెప్పింది నిజమైతే థార్సిస్ లావా మ్యూజియం అద్దాల వెనుక ఇప్పటికే ఉంది.

మధ్యలో ఒక చిన్న హెచ్చరిక. 2018లో ఆర్సియా నుంచి పొగలాంటి తెల్లటి తోక వేయి కిలోమీటర్లకు పైగా సాగుతున్న చిత్రాలు వచ్చినప్పుడు అగ్నిపర్వతం లేచిందని చాలామంది సంబరపడ్డారు, నాకు ఆ చిత్రం పంపిన మిత్రులు ముగ్గురు. అది నీటి మంచు మబ్బు. తెల్లవారగానే గాలి కొండ వాలెక్కి చల్లబడితే ఏర్పడి, పొద్దెక్కేసరికి చెదిరిపోతుంది. ఏటా అదే రుతువులో వస్తుంది. 2024లో ఇదే పర్వతాల కాల్డెరాల్లో తెల్లవారుజామున వెంట్రుకంత మందాన నీటి మంచు పేరుకుంటోందని కూడా తెలిసింది, అంత పలుచనిదే అయినా మొత్తం కలిపితే సుమారు లక్షన్నర టన్నులు. శ్రీహరికోట నుంచి 2013 నవంబర్‌లో వెళ్లిన మన మంగళయాన్ చాలా సాగిన కక్ష్యలో తిరిగింది కాబట్టి దూరం నుంచి గ్రహాన్ని మొత్తంగా చూడగలిగింది. దాని రంగుల కెమెరా తీసిన ఒలింపస్, ఆర్సియా చిత్రాల్లో ఎత్తు అసలు తెలియదు, గుండ్రంగా పరుచుకున్న మరకల్లా ఉంటాయి. ఆ కోణమే సరైనదని నాకనిపిస్తుంది.

థార్సిస్ కింద ఇప్పుడు ఏముందో వినడానికి ఒక అవకాశం వచ్చి, సగంలో పోయింది. 2018 నవంబర్‌లో అంగారకుడి మీద దిగిన ఇన్‌సైట్ అనే నాసా నౌక నాలుగేళ్లపాటు అంగారకుడి కంపాలను విన్నది. 1,300కు పైగా నమోదు చేసింది, వాటిలో పెద్దది 2022 మే 4న వచ్చిన 4.7 తీవ్రత గలది. చోటు గుర్తించగలిగిన వాటిలో అధికభాగం ఎలీసియం అనే ఇంకొక, చిన్న, అగ్నిపర్వత ప్రాంతం దగ్గరి పగుళ్ల నుంచి వచ్చాయి. థార్సిస్ నుంచి రాలేదు కాబట్టి అక్కడ అలికిడి లేదని రాసినవాళ్లు ఉన్నారు. ఇన్‌సైట్ కూర్చున్న చోటికీ థార్సిస్‌కూ మధ్య గ్రహపు ద్రవ గర్భం అడ్డంగా ఉంది. ముఖ్యమైన కంపన తరంగాలు ఆ గర్భాన్ని దాటి రాలేని నీడలో థార్సిస్‌లో చాలా భాగం పడుతుంది. తలుపు వేసిన గదిలో కూర్చుని పెరట్లో చప్పుడు లేదనడం లాంటిది అది. 2022 డిసెంబర్‌లో సౌర పలకల మీద దుమ్ము పేరుకుని ఇన్‌సైట్ మూగబోయింది.

మరి కంపాలు వినే పరికరాన్ని థార్సిస్ మీదే పెట్టవచ్చు కదా అని మా అన్నయ్య కూతురు అడిగింది. ఇక్కడ నేను కాస్త తగ్గాలి. ఇంతసేపూ ఎత్తును చులకన చేశాను గాని, ఆ ప్రాంతం మీద ఇప్పటికి ఒక్క నౌక కూడా దిగకపోవడానికి ముఖ్య కారణం ఎత్తే. అంగారకుడి గాలి అసలే పలుచన. దిగే నౌక వేగం తగ్గడానికి పారాచూట్‌కు ఆ గాలే ఆధారం, అందుకే ఇప్పటిదాకా దిగినవి దాదాపు అన్నీ పల్లపు నేలల్లో దిగాయి. థార్సిస్ గట్టు మీద గాలి ఇంకా తక్కువ, శిఖరాల మీద సగటులో ఎనిమిదో వంతు కూడా ఉంటుందో లేదో; పైగా నేలంతా మెత్తని ధూళి. "అయితే పైనుంచి దిగకుండా కిందనే దిగి నడిచి వెళ్లాలి" అంది. పదిహేను రోజులు, అన్నాను. తనతో ఎవరు వస్తారని అడిగి, జవాబు కోసం ఆగకుండా వాళ్ల అమ్మ పిలుస్తుంటే వెళ్లిపోయింది.